108 బండి నుంచి విదేశీ అంబులెన్స్‌కి: ఏ చదువుకి ఏ దేశం?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు 108లో పనిచేసే కుర్రాళ్లు అడిగే మాట దాదాపు ఒకటే: “అన్నా, దుబాయ్ మేలా, లండన్ మేలా?” జీతం ఎక్కడ ఎక్కువో, వీసా ఎక్కడ తేలికో, ఊళ్లో ఫలానా వాళ్లబ్బాయి ఏ దేశంలో ఉన్నాడో చూసుకుని ఆలోచన మొదలుపెడతారు. కానీ అన్నిటికంటే ముందు తేలాల్సింది ఇంకొకటుంది. ఇక్కడ మనం చదివిన చదువునీ చేసిన పనినీ ఆ దేశం ఏ హోదా కింద లెక్కేస్తుంది? జీతం, వీసా, పెళ్లాం బిడ్డల్ని తీసుకెళ్లడం అన్నీ దాని వెనకే వస్తాయి. ఒకే మనిషి ఒక దేశంలో పారామెడిక్ అవుతాడు, ఇంకో దేశంలో ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, పారామెడిక్ కంటే కింది మెట్టు) అవుతాడు, మరో దేశంలో ఏమీ కాడు.

కాబట్టి దేశాల సంగతి తర్వాత. ముందు మీ సంగతి.

మీరు ఏ కోవలో ఉన్నారు?

మన రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. బండిలో ఉండేది ఇద్దరు: స్టీరింగ్ దగ్గర పైలట్, వెనక ఈఎంటీ. పేరు ఒకటే అయినా ఆ వెనక సీట్లో కూర్చునేవాళ్ల చదువులు ఒకటి కాదు. బీజెడ్‌సీ డిగ్రీ చేసి, సంస్థ ఇచ్చిన కొన్ని వారాల శిక్షణతో బండెక్కినవాళ్లు ఉన్నారు. ఏదో ఒక పారామెడికల్ డిప్లొమా చేసి వచ్చినవాళ్లు ఉన్నారు. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీలోనే బీఎస్సీ చేసినవాళ్లు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు. జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చేసి ఆసుపత్రి ఉద్యోగం దొరక్క ఇటు వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఈ నలుగురూ పదేళ్లు పక్కపక్క మండలాల్లో ఒకే పని చేసి ఉండొచ్చు. హైవే మీద లారీ కింద పడ్డవాణ్ని ఒకేలా బయటికి తీసి ఉండొచ్చు. విదేశీ లైసెన్సింగ్ సంస్థ ముందు మాత్రం నలుగురూ నాలుగు వేరు వేరు కేసులు. అక్కడ అనుభవం కంటే ముందు చూసేది చదువు: ఏ కోర్సు, ఎన్నేళ్లు, ఎన్ని గంటల క్లినికల్ పోస్టింగ్, ఏ యూనివర్సిటీ లేదా బోర్డు.

నర్సింగ్ చదివినవాళ్ల విషయం ఇక్కడే తేల్చేస్తాను, ఎందుకంటే వాళ్లకి ఈ పోలికంతా అనవసరం. మీరు నర్సుగానే వెళ్లండి. నర్సులకి ప్రపంచమంతా దారి ఎప్పుడో వేసి ఉంది. మన నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అంటే ఏమిటో బయటివాళ్లకి తెలుసు, బ్రిటన్‌లో నర్సుల్ని రిజిస్టర్ చేసే ఎన్ఎంసీ పరీక్షలు తెలిసినవే, గల్ఫ్‌లో నర్సు పోస్టులు అంబులెన్స్ పోస్టులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. విదేశీ ఉద్యోగాలకి పంపే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ కూడా ఉంది. నర్సింగ్ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని ఈఎంటీగా దరఖాస్తు చేయడం చేజేతులా నష్టపోవడమే. ఒక్క జాగ్రత్త: అంబులెన్స్‌లో గడిపిన ఏళ్లని చాలాచోట్ల నర్సింగ్ అనుభవంగా ఒప్పుకోరు. వెళ్లాలని గట్టిగా అనుకుంటే ముందు నెల్లూరులోనో ఒంగోలులోనో పడకల సంఖ్య చెప్పుకోదగ్గ ఆసుపత్రిలో క్యాజువాలిటీకో ఐసీయూకో మారండి.

మిగతా ముగ్గురి కోసమే ఈ కింద రాసినదంతా.

గల్ఫ్: మొదటి తలుపు

డిప్లొమా వాళ్లకీ, బీఎస్సీ ఈఎంటీ చేసి రెండు మూడేళ్లు పనిచేసినవాళ్లకీ ముందుగా తెరుచుకునేది గల్ఫ్ తలుపే. కారణం దూరమూ కాదు, మనవాళ్లు అక్కడ ఎక్కువమంది ఉండటమూ కాదు. అక్కడ లైసెన్స్ పద్ధతిలో మెట్లు ఎక్కువ. ఈఎంటీకి ఒక మెట్టుంది, పారామెడిక్‌కి ఇంకొకటి. పై మెట్టుకి చాలకపోతే కింది మెట్టు మీద నిలబెడతారు. బ్రిటన్, ఆస్ట్రేలియాలో ఆ కింది మెట్టు మనకోసం లేదు.

పద్ధతి అన్ని గల్ఫ్ దేశాల్లోనూ ఇంచుమించు ఒకటే. డేటాఫ్లో అనే సంస్థ మీ సర్టిఫికెట్ నిజమా కాదా అని యూనివర్సిటీనీ, పనిచేసిన సంస్థనీ నేరుగా అడుగుతుంది. ఆ తర్వాత కంప్యూటర్ మీద రాసే పరీక్ష. తర్వాత అర్హత పత్రం. ఉద్యోగం దొరికాక లైసెన్స్. తేడా అంతా ఎవరికి దరఖాస్తు చేస్తున్నారన్నదాంట్లో ఉంది. యూఏఈలో దుబాయ్‌కి డీహెచ్ఏ, అబుధాబికి డీఓహెచ్, మిగతా ఎమిరేట్లకి ఆరోగ్య మంత్రిత్వ శాఖ. సౌదీకి ఎస్‌సీఎఫ్‌హెచ్ఎస్. ఖతర్‌కి వాళ్ల ఆరోగ్య శాఖలోని డీహెచ్‌పీ. ఒమన్‌కి ఓఎంఎస్‌బీ, బహ్రెయిన్‌కి ఎన్‌హెచ్ఆర్ఏ.

వీటిలో సౌదీ లెక్క ముక్కుసూటిగా ఉంటుంది: డిప్లొమా అయితే టెక్నీషియన్, డిగ్రీ అయితే స్పెషలిస్ట్. మీ పేరు పక్కన ఏది పడుతుందో ముందే ఊహించుకోవచ్చు, జీతం కూడా దాన్నిబట్టే. ఖతర్‌లో అంబులెన్స్ పని ప్రధానంగా హమద్ మెడికల్ కార్పొరేషన్ చేతిలో ఉంది. పోస్టులు తక్కువ, వడపోత గట్టిది, కానీ పని నేర్పే చోటు. దుబాయ్‌లో ప్రభుత్వ అంబులెన్స్ సంస్థ ఒకటి, దాని చుట్టూ ప్రైవేటు అంబులెన్సులు, హోటళ్లు, నిర్మాణ సైట్ల క్లినిక్‌లు. అవకాశాలు ఎక్కువ, మోసాలూ ఎక్కువ.

మోసం అంటే ఎప్పుడూ దొంగ వీసాయే కానక్కర్లేదు. కాంట్రాక్టులో ఉద్యోగం పేరు దగ్గర ఏం రాశారో చూడండి. ‘అంబులెన్స్ అటెండెంట్’, ‘ఫస్ట్ ఎయిడర్’, ‘పేషెంట్ ట్రాన్స్‌పోర్ట్’ అని ఉంటే ఆ పనికి చాలాసార్లు లైసెన్సే అక్కర్లేదు. జీతం ఫరవాలేదు అనిపించొచ్చు. కానీ రేపు అక్కడినుంచి బ్రిటన్‌కో ఐర్లండ్‌కో వెళ్లాలనుకుంటే ఆ ఏళ్లన్నీ సున్నా. గల్ఫ్‌ని మెట్టుగా వాడుకోవాలనుకునేవాడికి లైసెన్స్ మీద ఈఎంటీ అనో పారామెడిక్ అనో పడి తీరాలి. నాలుగైదు వందల దిర్హాములు తక్కువైనా సరే, లైసెన్స్ ఉన్న పోస్టునే తీసుకోమంటాను. మా వైపు చాలామంది దీన్ని ఒప్పుకోరు. “ఏందబ్బయ్యా, డబ్బులొచ్చేదాన్ని ఒదులుకోమంటావా” అంటారు. రెండేళ్లు సంపాదించి ఇంటికి తిరిగి రావాలనుకునేవాళ్లకి వాళ్ల మాటే కరెక్టు. ఎటు పోదామనుకుంటున్నారో ముందే తేల్చుకుంటే ఈ తగవు ఉండదు.

మనవైపు పనిచేసినవాళ్లకి గల్ఫ్‌లో కలిసొచ్చేది ఇంకొకటుంది. కృష్ణపట్నం ఓడరేవు, ముత్తుకూరు దగ్గరి థర్మల్ ప్లాంట్లు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు... ఇలాంటి చోట్ల ఆక్యుపేషనల్ హెల్త్ సెంటర్లలో చేసిన పని చమురు, నిర్మాణ సైట్ల మెడిక్ ఉద్యోగాలకి బాగా పనికొస్తుంది. బండరాయి కింద కాలు నలిగినవాణ్నీ, ఎండదెబ్బకి పడిపోయినవాణ్నీ చూసిన అనుభవమే అక్కడ వాళ్లకి కావాల్సింది. 108లో కొన్నేళ్లు చేసి, ఒకటి రెండేళ్లు ఇలాంటి సెంటర్లో పనిచేసినవాడి దరఖాస్తుకి విలువ వేరు.

కుటుంబం సంగతి. యూఏఈలో భార్యాపిల్లల్ని తీసుకెళ్లాలంటే నెల జీతం కనీసం 4,000 దిర్హాములు ఉండాలి, లేదా 3,000తోపాటు కంపెనీ వసతి ఉండాలి. ఈఎంటీ పోస్టుల్లో మొదట్లో ఈ గీత దగ్గరే తచ్చాడుతుంటారు. గీత దాటినా దుబాయ్ అద్దెలూ బడి ఫీజులూ కట్టి మిగిలేది లెక్కేస్తే చాలామంది కుటుంబాన్ని కావలిలోనే ఉంచుతున్నారు.

డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక పని చేయండి: ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. గల్ఫ్ వీసాకి వైద్య పరీక్ష తప్పదు, చాలాచోట్ల అది వాఫిద్ మెడికల్ (పాతవాళ్లు గాంకా అంటారు), ఎప్పుడో నయమైపోయిన క్షయ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా అన్‌ఫిట్ రాసే ప్రమాదముంది. అంబులెన్స్‌లో ఏళ్ల తరబడి దగ్గే రోగుల పక్కన కూర్చున్నవాళ్లం మనం. డేటాఫ్లోకి, పరీక్షకి వేలు పోసి, చివర్లో ఈ గోడకి తగలడం కంటే ముందే ఊళ్లో తేల్చుకోవడం మేలు. ఇంకో మాట: విజిట్ వీసా మీద దుబాయ్ వచ్చి పరీక్ష రాయమని చెప్పేవాళ్లుంటారు. అక్కర్లేదు. డేటాఫ్లో ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో అవుతుంది, పరీక్ష చెన్నైలోనో హైదరాబాద్‌లోనో రాయొచ్చు.

బ్రిటన్: పేరున్న దారి, ఇరుకైన దారి

బ్రిటన్‌లో ‘పారామెడిక్’ అనే హోదా చట్టం కాపాడే హోదా. అక్కడ ఆరోగ్య వృత్తులవాళ్లని రిజిస్టర్ చేసే సంస్థ హెచ్‌సీపీసీ. దాని రిజిస్టర్‌లో లేనివాడు ఆ పేరు వాడుకోకూడదు. 2021 సెప్టెంబర్ నుంచి అక్కడ పుట్టి పెరిగినవాడికి కూడా పారామెడిక్ కావాలంటే ఆనర్స్ డిగ్రీ కోర్సే దారి. వీసా వైపు చూస్తే, 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ దారిలో డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే చోటు. పారామెడిక్ ఆ గీతకి పైన ఉన్నాడు, కింది స్థాయి అంబులెన్స్ ఉద్యోగాలు లేవు. అంటే ఇక్కడినుంచి వెళ్తే పూర్తి పారామెడిక్‌గా వెళ్లాలి. బీజెడ్‌సీ ప్లస్ 108 శిక్షణ ఉన్నవాళ్లకి ఈ దారి లేదని నిక్కచ్చిగా చెప్పేస్తాను. ఉందని చెప్పే కన్సల్టెన్సీ బోర్డు ట్రంకు రోడ్డులో కనిపించినా సరే.

బీఎస్సీ ఈఎంటీ ఉన్నవాళ్లకి? అవకాశం ఉంది, గ్యారంటీ లేదు. హెచ్‌సీపీసీ వాళ్లు మామూలుగా పరీక్ష పెట్టరు. మీ కోర్సునీ అనుభవాన్నీ వాళ్ల ప్రమాణాల పట్టికతో ఒక్కొక్కటిగా సరిపోల్చుకుంటారు. స్క్రూటినీ ఫీజు పెద్దదే, రాకపోతే తిరిగివ్వరు. అందుకే ఈ దరఖాస్తుకి ఎలా సిద్ధపడాలో కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

మన 108 పనికీ వాళ్ల పనికీ అసలు తేడా పరికరాల్లో లేదు. నిర్ణయం ఎవరిదన్నదాంట్లో ఉంది. ఇక్కడ క్లిష్టమైన కేసులో ఈఎంటీ కాల్ సెంటర్‌లోని ఈఆర్‌సీపీ డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన చెప్పిన మందు ఇస్తాడు. అక్కడ పారామెడిక్ తానే చూసి, తానే తేల్చి, మార్ఫిన్ లాంటి మందు తానే ఇచ్చి, ఆసుపత్రి అవసరం లేదనుకుంటే రోగిని ఇంట్లోనే వదిలేసి రాగలడు. వదిలేసి వచ్చినందుకు జవాబుదారీ కూడా తానే. దరఖాస్తు చదివే ఇద్దరు అసెసర్లూ మీ రాతలో వెతికేది ఈ ఆలోచననే. ‘డాక్టరు చెప్పారు, ఇచ్చాను’ అని పేజీల కొద్దీ రాస్తే అది మీమీద మీరే రాసుకున్న ఫిర్యాదు అవుతుంది.

నిజానికి మనవాళ్ల దగ్గర సరుకు లేకపోలేదు. ఉదయగిరి నుంచి నెల్లూరుకి సుమారు 100 కిలోమీటర్లు. గుండెనొప్పి రోగితో ఆ దారంతా వచ్చినవాడు లండన్‌లో పది నిమిషాల్లో ఆసుపత్రికి చేరేవాడికంటే ఎక్కువసేపు ఒంటరిగా రోగిని కాచుకున్నాడు. దారిలో బీపీ పడిపోతే ఏం గమనించాడు, ఏమనుకున్నాడు, ఏం చేశాడు, సిగ్నల్ లేక ఫోన్ కలవని ఆ ఇరవై నిమిషాల్లో తనంతట తాను ఏం నిర్ణయించాడు? ఇదంతా రాయాలి. ఆసుపత్రి దగ్గర ముగించకుండా, అప్పగించేటప్పుడు డాక్టరుకి ఏం చెప్పాడో అది కూడా రాయాలి. దీనికి ఇవాళ్టినుంచే ఒక పుస్తకం పెట్టుకోండి. రోగి పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయకూడదు. వయసు, లక్షణాలు, మీ ఆలోచన, చికిత్స, మార్పు చాలు. పీసీఆర్ ఫారాలని (బండిలో రోగి వివరాలు రాసే ఫారాలు) ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోవద్దు. రోగి వివరాల గోప్యత మీద వాళ్లకున్న పట్టింపు మామూలుది కాదు, సాక్ష్యంగా పంపిన ఆ ఫొటోనే మీ కొంప ముంచుతుంది.

కేసుల తీరులో కూడా తేడా ఉంది. మనకి పురుగుమందు తాగినవాళ్లు, పాముకాట్లు, బండిలోనే కాన్పులు, హైవే ప్రమాదాలు. అక్కడ జారిపడ్డ ముసలివాళ్లు, ఊపిరాడని పాత రోగులు, మానసిక సమస్యలతో ఫోన్ చేసేవాళ్లు. ట్వెల్వ్ లీడ్ ఈసీజీ చదవడం అక్కడ రోజువారీ పని. ఏఎల్ఎస్ (అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్) బండిలో పనిచేసే అవకాశం ఉంటే దాన్ని వదలకండి. అనుభవ పత్రంలో బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) బండా, ఏఎల్ఎస్ బండా అన్నది విడిగా రాయించుకోండి.

ఇంగ్లిష్‌కి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం 7.0, ఏ విభాగంలోనూ 6.5కి తగ్గకూడదు. నర్సులకి ఉన్న ఓఈటీ (ఆరోగ్య వృత్తులవాళ్ల ఇంగ్లిష్ పరీక్ష) వెసులుబాటు మనకి అక్కరకు రాదు, ఆ పరీక్షలో పారామెడిక్ విభాగమే లేదు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది రైటింగ్‌లో. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి మిగతా కాగితాలు చేతికొచ్చాకే రాయండి.

ఇక ఎవరూ ముందు చెప్పని విషయం, డ్రైవింగ్. 108లో ఈఎంటీ స్టీరింగ్ ముట్టడు. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో, కెనడాలో పైలట్ అని విడిగా ఉండడు, ఇద్దరూ క్లినికల్ సిబ్బందే, వంతులవారీగా నడుపుతారు. బ్రిటన్‌లో అంబులెన్స్ నడపడానికి సాధారణంగా సీ1 రకం లైసెన్స్ అడుగుతారు. మన లైసెన్స్‌తో అక్కడ 12 నెలలు కారు నడపొచ్చు, కానీ దాన్ని ఇచ్చి వాళ్ల లైసెన్స్ తీసుకునే వీలు భారతీయులకి లేదు. థియరీ, రోడ్డు పరీక్ష మొదట్నుంచి రాయాలి, ఆ తర్వాతే సీ1. బుల్లెట్ తప్ప మరేదీ నడపనివాళ్లు ఇక్కడే కారు లైసెన్స్ తీసుకుని, ఊరికే జేబులో పెట్టుకోకుండా చేయి తిరిగేదాకా నడపండి.

ఇంత కష్టానికి ఫలితం? 2025-26లో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్‌లో బ్యాండ్ 6 అనే మెట్టు జీతం ఏడాదికి 38,682 నుంచి 46,580 పౌండ్ల దాకా. కొత్తగా చేరినవాళ్లు సాధారణంగా బ్యాండ్ 5తో, అంటే ఆ ఏడాది లెక్కలో 31,049తో మొదలుపెడతారు. పన్నూ అద్దే పోను గల్ఫ్‌లోలాగా మొత్తం మిగలదు. కానీ కుటుంబం వెంట ఉంటుంది, హెల్త్ అండ్ కేర్ వీసా మీద వెళ్లేవాళ్లకి ఆరోగ్య సర్‌చార్జి ఉండదు, పని పై మెట్లకి వెళ్తుంది. స్థిరపడే నియమాలు మాత్రం అక్కడ ప్రభుత్వం తరచూ బిగిస్తోంది. మీ పక్కింటివాడు అయిదేళ్ల క్రితం వెళ్లిన లెక్క మీకు వర్తిస్తుందనుకోవద్దు.

ఐర్లండ్‌ని మనవాళ్లు మర్చిపోతుంటారు. అక్కడ పీహెచ్ఈసీసీ అనే సంస్థ ఈఎంటీ, పారామెడిక్, అడ్వాన్స్‌డ్ పారామెడిక్ అని మూడు మెట్లకీ రిజిస్ట్రేషన్ ఇస్తుంది, బయటి దేశాల చదువుని పోల్చి గుర్తించే పద్ధతి కూడా ఉంది. చిన్న దేశం, పోస్టులు కొద్ది, గుర్తింపు వచ్చినంత మాత్రాన వర్క్ పర్మిట్ వచ్చినట్టు కాదు. బ్రిటన్‌కి కాగితాలు సిద్ధం చేసుకున్నవాళ్లు ఇటు కూడా ఒక కన్ను వేసి ఉంచితే పోయేదేమీ లేదు.

ఆస్ట్రేలియా, కెనడా

ఆస్ట్రేలియాలో 2018 డిసెంబర్ 1 నుంచి పారామెడిక్‌లకి దేశమంతటికీ ఒకటే రిజిస్ట్రేషన్, ఆప్రా అనే ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ కింద పారామెడిసిన్ బోర్డు చూస్తుంది. ఆమోదించిన డిగ్రీతో మన డిగ్రీ సమానమని వాళ్లు ఒప్పుకోవాలి. ఇంగ్లిష్ బ్రిటన్ కంటే కాస్త గట్టిది: వినడం, చదవడం, మాట్లాడటం మూడింటిలో 7, రాయడంలో 6.5, మొత్తం మీద 7. అక్కడి యూనివర్సిటీల నుంచే ఏటా బోలెడంతమంది పారామెడిక్‌లు బయటికొస్తున్నారు. రాష్ట్ర అంబులెన్స్ సర్వీసులు వాళ్లని పక్కనపెట్టి మనల్ని పిలవాల్సిన అవసరం తక్కువ. డబ్బూ వయసూ ఉన్నవాళ్లు అక్కడే పారామెడిసిన్ చదవడం ఒక దారి. పొలం అమ్మి ఆ ఫీజు కట్టేముందు పదిసార్లు ఆలోచించండి.

కెనడాలో చిక్కంతా రాష్ట్రాలవారీ లైసెన్స్. ఒంటారియోది ఒక పద్ధతి, ఆల్బర్టాది ఇంకొకటి. ప్రైమరీ కేర్, అడ్వాన్స్‌డ్ కేర్ అని మెట్లుంటాయి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలస పాయింట్ల పద్ధతిలో 2023లో ఆరోగ్య వృత్తుల విభాగం పెట్టినప్పుడు పారామెడికల్ వృత్తులు కూడా అందులోకి వచ్చాయి, దాంతో ఒంగోలు కర్నూలు రోడ్డు నుంచి మా ఊరిదాకా ‘కెనడా పీఆర్’ (శాశ్వత నివాసం) అన్న మాట మోగిపోయింది. ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది ఒకచోట. డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ ఇచ్చే చదువు అంచనా వలస పాయింట్ల కోసం మాత్రమే. అది లైసెన్స్ కాదు. పీఆర్ చేతిలో పట్టుకుని దిగి, అంబులెన్స్ తలుపు కూడా ముట్టుకోలేక గిడ్డంగిలో పనిచేసే పరిస్థితి రాకూడదంటే, మీరు వెళ్లబోయే రాష్ట్రం నియంత్రణ సంస్థకి ముందు రాసి, మీ కోర్సు ఏ మెట్టుకి సరిపోతుందో అడగండి.

అమెరికా గురించి ఒక్క పేరా చాలు. అక్కడ ఈఎంటీ, పారామెడిక్‌లకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ, 1970లో మొదలైన నేషనల్ రిజిస్ట్రీ, బయటి దేశాల ఈఎంటీ సర్టిఫికెట్లకి నేరుగా సమానత్వం ఇవ్వదు. పారామెడిక్‌కి అయితే 2013 నుంచి అక్కడ గుర్తింపు పొందిన కోర్సే చేసి ఉండాలి. పైగా ఈఎంటీ ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరి కాదు కాబట్టి అది హెచ్1బీకి అతకదు. ఇది పనికొచ్చేది ఒకే రకం వాళ్లకి: పెళ్లి చేసుకునో, కుటుంబం ద్వారానో వెళ్లి, పనిచేసే అనుమతి చేతిలో ఉన్నవాళ్లకి. వాళ్లు అక్కడే కొన్ని నెలల ఈఎంటీ కోర్సు చేస్తే చాలు. మన 108 అనుభవం సర్టిఫికెట్‌గా పనికిరాకపోయినా క్లాసులో అందరికంటే ముందుంచుతుంది.

కాగితాల గొడవ

ఏ దేశమైనా సరే, దరఖాస్తులు ఆగిపోయేది పరీక్షల దగ్గర కంటే కాగితాల దగ్గరే ఎక్కువ. మన జిల్లాల వాళ్లకి ప్రత్యేకంగా ఎదురయ్యేవి కొన్ని ఉన్నాయి.

మొదటిది అనుభవ పత్రం. 108 నిర్వహణ మొదట ఈఎంఆర్ఐది, 2009లో అది జీవీకే చేతికి వెళ్లింది, ఆ తర్వాతా చేతులు మారుతూ 2020లో అరబిందో సంస్థకి వచ్చింది. జీతం ఇచ్చినవాళ్లు మారినా బండి అదే, మండలం అదే, కాబట్టి మనవాళ్లకి తేడా తెలియదు. డేటాఫ్లో వాళ్లకి మాత్రం అవి వేరు వేరు యజమానులు, ప్రతి ఒక్కరి దగ్గర్నుంచీ విడిగా జవాబు కావాలి. నిర్వహణ మారిపోయి జిల్లా ఆఫీసు ఎత్తేశాక మీ పాత ఫైలుకి జవాబిచ్చే మనిషిని వెతకడం నరకం. నిర్వహణ మారుతోందన్న వార్త చెవిన పడ్డ వారమే పత్రం తీసుకోండి. అందులో హోదా, చేరిన తేదీ, మానిన తేదీ, బండి రకం, చేసిన పనులు, సంతకం చేసినవారి హోదా, సంస్థ డొమైన్‌తో ఉన్న ఈమెయిల్ ఉండాలి. జీమెయిల్ అడ్రసు ఇస్తే వెరిఫికేషన్ అక్కడే కూలబడుతుంది. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లూ, పీఎఫ్ పాస్‌బుక్ కూడా దగ్గర పెట్టుకోండి.

రెండోది యూనివర్సిటీ పేరు. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎన్టీఆర్ పేరుతో ఉండి, 2022లో వైఎస్సార్ పేరుకి మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. మార్కుల జాబితా ఒక పేరుతో, డిగ్రీ పట్టా ఇంకో పేరుతో ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. రెండూ ఒకటేనని యూనివర్సిటీ నుంచి ఒక లేఖ తీసుకుని జతచేస్తే ప్రశ్న రాకముందే జవాబు వెళ్తుంది. అక్కడికి వెళ్లినప్పుడే సిలబస్, గంటల లెక్క, పోస్టింగుల వివరం ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. బ్రిటన్ కైనా ఆస్ట్రేలియా కైనా అవి లేకుండా కుదరదు.

మూడోది ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో ఒట్టి అక్షరం, పాస్‌పోర్టులో వెనక. తెలుగువాళ్లకి ఇది పుట్టుకతో వచ్చిన తలనొప్పి. పాస్‌పోర్టుని పదో తరగతి స్పెల్లింగ్‌కి సరిపోయేలా ముందు సరిచేయించుకుని, ఆ తర్వాతే ఎక్కడైనా ఖాతా తెరవండి.

అటెస్టేషన్‌లో దేశాన్నిబట్టి తేడా ఉంది. సౌదీ 2022 డిసెంబర్ నుంచి అపోస్టిల్ (ఎంబసీకి వెళ్లకుండా మన విదేశాంగ శాఖ ఒక్క ముద్రతో సరిపోయే పద్ధతి) ఒప్పుకుంటోంది. బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా ఎప్పట్నుంచో ఒప్పుకుంటున్నాయి, కెనడా 2024 జనవరిలో చేరింది. యూఏఈ, ఖతర్‌లకి విదేశాంగ శాఖ ముద్రతోపాటు వాళ్ల ఎంబసీ ముద్ర కూడా కావాలి. ఖర్చు, సమయం రెండూ ఎక్కువ.

నాకు తోచిన తీర్పు

బీజెడ్‌సీ ప్లస్ 108 శిక్షణ మాత్రమే ఉన్నవాళ్లు వెంటనే వెళ్లే ఆలోచన పక్కన పెట్టి, గుర్తింపు ఉన్న ఎమర్జెన్సీ కోర్సు ఒకటి చేయాలి. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం ఈ వృత్తిని పేరుపెట్టి తన జాబితాలో చేర్చింది. ఇకముందు మన దేశంలో కూడా కోర్సు, రిజిస్ట్రేషన్ లేకుండా ఈ పనిలో పైకి రావడం కష్టమే. డిప్లొమా వాళ్లకి సౌదీ, యూఏఈ. బీఎస్సీ ఈఎంటీ ఉండి, ఇరవైల్లో ఉండి, ఇంగ్లిష్ మీద కూర్చోగలిగితే బ్రిటన్‌కి నేరుగా గురిపెట్టొచ్చు. కానీ అదే సమయంలో గల్ఫ్ డేటాఫ్లో కూడా నడిపించమంటాను, ఒకటి ఆగితే ఇంకొకటి ఉంటుంది. నలభై దగ్గరపడి, పిల్లలు ఇంటర్‌కి వచ్చినవాళ్లకి ఖతర్ లేదా యూఏఈలో లైసెన్స్ ఉన్న పోస్టు చాలు. ఆ వయసులో హెచ్‌సీపీసీ వెంటపడి రెండేళ్లు పోగొట్టుకోవడంలో నాకు అర్థం కనిపించదు.

ఏజెంట్ల గురించి చెప్పి ఆపుతాను. రిజిస్టర్ అయిన రిక్రూటింగ్ ఏజెంట్ మీ దగ్గర తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకుమించి అడిగితే చట్టం ఒప్పుకోదు. లైసెన్స్ నంబరు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకి అలాంటి నంబరే ఉండదు. వీసా చేతికి రాకముందే 108లో రాజీనామా ఇవ్వమని ఎవరన్నా చెబితే వినకండి. మధ్యలో వచ్చే ఖాళీ నెలలు అనుభవం లెక్కలో కనిపిస్తాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. డేటాఫ్లో, పరీక్ష, రిజిస్ట్రేషన్ అన్నీ స్కాన్ కాపీలతోనే మొదలవుతాయి, ఒరిజినల్ అవసరమయ్యేది అటెస్టేషన్ దగ్గర. ఆ పనికి రసీదు తీసుకునే ఇవ్వండి.